అవ్వ పేరు, మనుమరాలి పేరు: ముంబై తెలుగువారి ఆడపిల్లల పేర్లపై ఒక చారిత్రక పరిశీలన

ఆడపిల్ల పుట్టిన తెలుగు ఇళ్ళలో ఈనాడు తరచు వినవచ్చే కోరిక ఒకటి ఉన్నది. పేరు పాతకాలపుదై ఉండాలి, కాని తరగతిలో మరెవరికీ ఉండరాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇది ఒక ముచ్చట. కామాఠీపురా, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేలు చాళ్ళలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలకు మాత్రం ఇది ముచ్చటతో తీరే విషయం కాదు. పిల్లలు మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడే వారు తరం తరానికి తగ్గుతారు. చదవడం, రాయడం పోయి, మాట కూడ తడబడుతున్నప్పుడు తెలుగు చివరిగా నిలిచే చోటు మనిషి పేరే. కాబట్టి పాత పేరు కావాలనుకునేవారు అది ఎవరి పాత పేరు, ఎంత పాత పేరు అన్న రెండు ప్రశ్నలు ముందుగా వేసుకోవాలి. ఈ వ్యాసం ఆ రెండింటికి సంబంధించినది.

1. పేరున్న పేట, అంకెల గల్లీలు

కామాఠీపురా పేరే ఒక తెలుగు చరిత్ర. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెలార్డ్ కట్ట పూర్తయి, బొంబాయి దీవుల మధ్య సముద్రం ముంచెత్తే పల్లపు నేలలు ఆరిన తరువాత, నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాలనుంచి వచ్చిన శ్రామికులు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. రాతిపని, మట్టిపని, ఇళ్ళు కట్టే పని వారివి. వారిని నగరం కామాఠీలన్నది. 1909-10లో వెలువడిన బొంబాయి నగర గెజిటీరు కూడ ఈ పేట పేరును వారితోనే ముడిపెట్టింది. 1854లో తార్‌దేవ్‌లో తొలి నూలుమిల్లుకు పునాది పడిన తరువాత మిల్లు పనికీ తెలుగువారు వచ్చారు. మగ్గం పని తెలిసిన పద్మశాలీలు వర్లీ, పరేలు వైపు స్థిరపడ్డారు. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టించిన బి.డి.డి. చాళ్ళలో కూడ తెలుగు ఇళ్ళు వెలిశాయి.

ఇంత చరిత్ర ఉన్న పేటలో వీధులకు మాత్రం పేర్లకు బదులు అంకెలు వాడుకలో ఉన్నాయి. ఒకటో గల్లీ, ఆరో గల్లీ, పధ్నాలుగో గల్లీ అనే అంటారు. పేట పేరు దేశమంతటా తెలుసు, కాని అందులోని కొన్ని గల్లీలలో సాగిన వ్యాపారం వల్ల తెలుసు. మిగిలిన గల్లీలలో కూలి చేసుకుని, మిల్లుకు వెళ్ళి, పిల్లలను చదివించుకున్న వేల కుటుంబాల సంగతి ఆ ప్రఖ్యాతిలో కనుమరుగైపోయింది. చిరునామా చెప్పడానికే సంకోచించవలసి వచ్చినవారికి, ఒక పేరు మనిషిని ఎలా పట్టి ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఆడపిల్లల పేర్లలో వచ్చిన మార్పును ఈ నేపథ్యంలో చూడాలి.

2. అవ్వ, బాయి, ఆపైన

తెలంగాణ పల్లెలనుంచి వచ్చిన మొదటి తరం స్త్రీల పేర్లలో తరచు వినిపించేవి లచ్చవ్వ, నర్సవ్వ, పోశవ్వ, ఎల్లవ్వ, మల్లవ్వ, రాజవ్వ, గంగవ్వ వంటివి. కోస్తాలో అవ్వ అంటే ముసలితల్లి, నాయనమ్మ. తెలంగాణలో అవ్వ అంటే కన్నతల్లి కూడ. పుట్టిన పసికందును అమ్మా అని పిలిచినట్లే ఈ పేర్లు పిలుస్తాయి. వీటిలో ఎల్లమ్మ, పోశమ్మ వంటి గ్రామదేవతలున్నారు, నరసింహుడు, మల్లన్న ఉన్నారు. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో పెట్టే పెంటవ్వ, బిచ్చవ్వ వంటి పేర్లూ ఉన్నాయి. బిడ్డను పెంటకుప్ప మీద పారవేసినట్లో, బిచ్చమెత్తి తెచ్చుకున్నట్లో నటిస్తే మృత్యువు దాని జోలికి రాదని నమ్మకం. వినడానికి మోటుగా ఉన్న ఆ పేర్ల వెనుక ఒక తల్లి భయం ఉన్నది. వాటిని చూసి నవ్వేముందు ఇది తెలుసుకోవాలి.

బొంబాయిలో ఈ అవ్వలు కాగితం మీద బాయిలయ్యారు. లచ్చవ్వ లక్ష్మీబాయి అయింది, గంగవ్వ గంగూబాయి అయింది. మరాఠీలో బాయి గౌరవ వాచకం. జిజాబాయి, అహల్యాబాయి, సావిత్రీబాయి అన్న పేర్లలో ఉన్నది అదే. కాని ఈ నగరంలో ఇంటిపనికి వచ్చే మనిషిని పిలిచే మాట కూడ అదే కావడంతో రెండో తరం దానినీ వదిలిపెట్టింది. లక్ష్మి, సరోజ, సావిత్రి, విజయ వంటి పేర్లు వచ్చాయి. ఇవి తెలుగువారికి, మరాఠీలకు, గుజరాతీలకు అందరికీ చెల్లుతాయి. మూడో తరానికి స్వప్న, కవిత, సునీత. నాలుగో తరానికి -ఇక, -శ్రీ, -ఇత అని ముగిసే పేర్లు. ప్రతి అడుగులోను కోరిక ఒకటే: పేరు వినగానే ఎక్కడివారో, ఏ పని చేసేవారో, ఏ కులమో తెలియకూడదు. ఆ కోరికను తప్పు పట్టలేము. బడిలో, ఉద్యోగంలో, పెళ్ళి సంబంధంలో ఎదురైన చిన్నచూపును తప్పించుకోవడానికి తల్లిదండ్రుల చేతిలో ఉన్న సులభ సాధనం అదే.

ఇక్కడ ఒక భాషాశాస్త్ర విషయం గమనించాలి. లచ్చవ్వను లక్ష్మిగా దిద్దినప్పుడు, చెడిపోయిన మాటను బాగుచేశామని అందరూ అనుకున్నారు. లచ్చి అనేది చదువురాని వారు పాడుచేసిన లక్ష్మి కాదు. సంస్కృతంలోని క్ష్మ ప్రాకృతంలో చ్ఛ అయింది. లచ్ఛీ అన్నది ప్రాకృత సాహిత్యంలో నిలిచిన రూపం. తెలుగు లచ్చి దానినుంచి వచ్చిన తద్భవం. సిరి కూడ ఇటువంటిదే, శ్రీ శబ్దానికి ప్రాకృత రూపం. సిరి అని ఈనాడు పిల్లకు పేరు పెట్టి మురిసిపోయే ఇంట్లోనే లచ్చవ్వ పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నారంటే, తేడా భాషలో లేదు, మన చూపులో ఉన్నది.

పేర్లు వాడుకలోంచి పోయి, మూడు నాలుగు తరాల తరువాత తిరిగి రావడం ఒక్క మన విశేషం కాదు. అమెరికాలో ఎమ్మా అన్న పేరు 1880లో ఆడపిల్లల పేర్లలో మూడవ స్థానంలో ఉండేది. 20వ శతాబ్ది మధ్యకు ముసలమ్మల పేరైపోయింది. 2008లో మొదటి స్థానానికి వచ్చింది. తల్లి పేరు మనకు మరీ దగ్గరిది, అమ్మమ్మ పేరు పాతబడినది, అమ్మమ్మ తల్లి పేరు కొత్తగా వినిపిస్తుంది. అక్కడ ఆ పేర్లు తిరిగి రావడానికి చర్చి రిజిస్టర్లు, జనాభా పత్రాలు తోడ్పడ్డాయి. మన ముత్తవ్వల పేర్లకు అటువంటి భద్రత ఎంతవరకు ఉన్నదన్నది చివర చూద్దాము.

3. మహారాష్ట్ర కొండలలో మన పాత పేర్లు

శతాబ్దాల వెనుకటి పేరు కావాలనే ముంబై విద్యార్థులు తెలుగుదేశం దాకా వెళ్ళనక్కరలేదు. జున్నర్ నుంచి కొంకణ తీరానికి దిగే నానేఘాట్ కనుమలో ఒక గుహ ఉన్నది. శాతవాహన రాజకుటుంబీకుల ప్రతిమలు ఒకప్పుడు అందులో ఉండేవి. ఇప్పుడు పాదాల గుర్తులు, పైన బ్రాహ్మీ లిపిలో పేర్లు మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి దేవి నాయనిక. శాతకర్ణి భార్య అయిన ఈమెనే చరిత్రకారులు నాగనిక అంటారు. అచ్చుల నడుమ గకారం జారి యకారం రావడం ప్రాకృత లక్షణం కనుక రెండూ ఒకే పేరు. ఆ గుహలోని పెద్ద శాసనం రాజకుటుంబం చేసిన యజ్ఞాలను, ఇచ్చిన దానాలను వివరిస్తుంది. క్రీస్తుకు పూర్వపు స్త్రీ పేరు, కల్యాణ్ రేవుకు సరుకులు దిగిన దారిలో, ఈనాటికీ రాతిమీద ఉన్నది.

రెండవది నాసిక్ వద్ద పాండవలేణి మూడవ గుహలో ఉన్నది. పుళుమావి పాలనలో 19వ సంవత్సరాన ఆయన నాయనమ్మ గౌతమీ బలశ్రీ వేయించిన శాసనమది. ప్రాకృతంలో బలసిరి. గౌతమీపుత్ర శాతకర్ణి ప్రశస్తిగా అందరూ చదివే ఈ శాసనంలో ఆమె తనను మహారాజుకు తల్లిగా, మహారాజుకు నాయనమ్మగా చెప్పుకున్నది. కొడుకు గతించిన తరువాత, మనుమడి కాలంలో, ఒక నాయనమ్మ తన పేరుతో వేయించిన చరిత్ర ఇది. శాతవాహన రాజుల పేర్ల ముందు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లిని తెలిపే మాటలున్న సంగతి విద్యార్థులకు తెలిసినదే.

పురాణాలు ఈ వంశాన్ని ఆంధ్రులన్నాయి. అంతమాత్రాన ఈ పేర్లు తెలుగు మాటలని వాదించవద్దు. ఇవి ప్రాకృత నామాలు. తెలుగువారికీ మరాఠీవారికీ ఉమ్మడి ఆస్తి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లకు అది కొరత కాదు, పైగా సదుపాయం.

4. కృష్ణాతీరం నుంచి ఓరుగల్లు దాకా

క్రీ.శ. 3వ శతాబ్దిలో నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలు చేసినవారిలో ముందు వరుస ఇక్ష్వాకు రాజకుటుంబ స్త్రీలది. చాంతిసిరి, అడవి చాంతిసిరి, బాపిసిరినిక, కొడబలిసిరి అన్నవి వారి పేర్లు. రాజకుటుంబానికి బయటి ఉపాసిక బోధిసిరి. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుండగా ఇంటి ఆడవారు బౌద్ధ స్తూపాలకు స్తంభాలెత్తించారు. ఆ స్తంభాలవల్లనే వారి పేర్లు మనకు దక్కాయి. నాలుగో తరం ముంబై తెలుగు పిల్లల పేర్లకు అత్యాధునికమని ఎంచుకున్న -ఇక, -శ్రీ అన్న కొసలు ఇక్కడ, నాయనికలో, బాపిసిరినికలో, పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్త ఫ్యాషను అనుకున్నది మన లిఖిత చరిత్రలో అతి పాతదని గ్రహించాలి.

కాకతీయుల కాలానికి వచ్చేసరికి పేర్లు తెలుగు నుడికారంతో వినిపిస్తాయి. ముప్పమ, మైలమ, గణపమ, కుందమ, రుద్రమ, ముమ్మడమ, రుయ్యమ. శాసన సంస్కృతం వీటికి అంబ చేర్చి గణపాంబ, మైలాంబ అన్నది. గణపమ భర్త బేతరాజు మరణానంతరం ధరణికోట ప్రాంతాన్ని ఏలింది. గణపతిదేవుని సోదరి మైలమ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. రుద్రమ 1262నుంచి 1289దాకా రాజ్యమేలి, శాసనాలలో రుద్రదేవ మహారాజు అన్న పురుషనామంతో కూడ కనిపిస్తుంది. గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక 1276నాటి బూదపురం శాసనంతో ముడిపడిన కవయిత్రి. కుప్ప అన్న మాట నేటి చెవికి చెత్తకుప్పను గుర్తుచేస్తుంది. రైతుకు ధాన్యపు కుప్ప గుర్తుకొస్తుంది. రాజకుటుంబంలో ఆ పేరుకు ఏ సంకోచమూ లేదు.

తరువాతి కవయిత్రుల పేర్లు ఇంకా చిన్నవి, ఇంకా ఇంటివి: తాళ్ళపాక తిమ్మక్క, మొల్ల. మొల్ల ఒక జాతి మల్లెపువ్వు. పద్మశాలీల కులపురాణంలో భావనా ఋషి భార్య భద్రావతి. మేడారం గద్దెలమీది తల్లులు సమ్మక్క, సారలమ్మ. పలనాటి కథలో నాగమ్మ, మాంచాల. వీరిలో ఏ ఒక్కరి పేరు పెట్టినా పిల్లకు ఒక కథ వెంట వస్తుంది. పెద్దయ్యాక తన పేరేమిటని అడిగినవారికి చెప్పడానికి ఆమె దగ్గర నాలుగు మాటలుంటాయి. అంగట్లో దొరికే పేర్ల పుస్తకాలలోని చాలా పేర్లకు ఈ అదృష్టం లేదు. ఆధారం లేని అర్థాలు, ఏ నిఘంటువులోను లేని సంస్కృతం వాటిలో కొల్లలు. పాత పేరుకు సాక్షి ఉండాలి. సాక్షి శాసనం కావచ్చు, కావ్యం కావచ్చు, ఇంటి ముసలమ్మ కావచ్చు.

5. నోటికి, లిపికి కుదరడం

ముంబైలో పేరు మూడు లిపులలో బ్రతకాలి. తెలుగులో పలికినది దేవనాగరిలోను, రోమన్ లిపిలోను ఏమవుతుందో ముందే చూసుకోవాలి. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. మరాఠీ దేవనాగరిలో రెండింటికీ ఒకటే అక్షరం. అందువల్ల మొల్ల మోల్ల అవుతుంది. పైగా పదాంతంలోని అకారాన్ని మరాఠీలోను హిందీలోను పలకరు కనుక మోల్ల్ అయి కూర్చుంటుంది. దీర్ఘమిచ్చి మొల్లా అని రాస్తే మసీదులోని ముల్లా గుర్తుకు రావచ్చు. తిమ్మక్క, రుద్రమ వంటి పేర్లను దేవనాగరిలో చివర దీర్ఘంతో రాయడమే మేలు. ద్విత్వాలు రోమన్ లిపిలో ఒక్కొక్క అక్షరం పోగొట్టుకుంటాయి. ముమ్మడమను అక్కడ పోల్చుకోవడం కష్టం.

అనుకూలాలూ లేకపోలేదు. ళకారం వాడుక హిందీలో లేదు, మరాఠీలో ఉన్నది. తాళవ్య చ, దంత్య ౘ రెండూ మరాఠీలోను మనకు వలెనే పలుకుతాయి. హిందీ ప్రాంతంలోని తెలుగువారికి లేని సౌలభ్యం ఇది. నాయనిక, బలసిరి, బోధిసిరి, భద్ర వంటి పేర్లకు ఏ లిపిలోను చిక్కు లేదు.

ధ్వని కుదిరినా అర్థం అడ్డురావచ్చు. మైలమ చరిత్రలో గొప్ప పేరే. కాని మైల అంటే నేటి తెలుగులో అశుచి, హిందీ మరాఠీలలో మురికి. ఆ పేరును కోరి తెచ్చి పిల్ల నెత్తిన పెట్టడం భావ్యం కాదు. చరిత్ర మీది గౌరవం బడిలో పిల్ల పడే పాట్లకంటె ఎక్కువ కారాదు.

జన్మనక్షత్రాన్ని బట్టి అక్షరం చూసుకునే ఇళ్ళలో ఇంకొక కట్టుబాటు ఉన్నది. అశ్వినికి చూ, చే, చో, లా. అశ్వినిలో పుట్టిన పిల్లకు చాంతిసిరి సరిపడదని పురోహితుడు అనవచ్చు. అందుకు మన పెద్దలే దారి చూపారు. నక్షత్రనామం పూజకు, పిలిచే పేరు ఇంటికి. తెలంగాణలో తొట్లె వేసిననాడు, మరాఠీ ఇళ్ళలో పన్నెండవనాటి బారసం నాడు, పేరు పెట్టే వేడుకలో తండ్రి అక్కచెల్లెళ్ళకు పెద్దపీట ఉన్నది. అవ్వ పేరు బాగా గుర్తున్నది కూడ చాలా ఇళ్ళలో ఆ మేనత్తకే. ఆమెను అడగడం మంచి పద్ధతి.

6. రిజిస్టరులో పేరు

వలస వచ్చినవారి పేర్లను దస్తావేజు ఎలా మారుస్తుందో 19వ శతాబ్దినుంచి చూడవచ్చు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన తెలుగు ప్రముఖులలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాళేవార్ ఉన్నారు. మరాఠీ రచనలలో వెంకయ్య వ్యంకయ్య అయినాడు. ఇంటిపేరు ముందు చెప్పుకునే మన పద్ధతి పోయి, తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు అన్న మరాఠీ వరుస వచ్చింది. ఫలానావారు అనే తెలుగు ఇంటిపేరు కొస, -వార్ అయి మహారాష్ట్రలోని ఎన్నో ఇంటిపేర్లలో స్థిరపడింది. పురుషుని పేరు ఇలా మారినా మిగిలింది. స్త్రీ పేరుకు పెళ్ళినాడు ఇంకొక గండం ఉన్నది. అత్తవారింట పెళ్ళికూతురికి కొత్త పేరు పెట్టే ఆచారం మరాఠీ సమాజంలో ఉన్నది. పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. ఈ మాట ఆడపిల్లలకు చిన్ననాటనే తెలియాలి.

జనన మరణాల నమోదు చట్టం (1969) ప్రకారం బిడ్డ పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించి, పేరును తరువాత రాయించుకోవచ్చు. ఏడాదిలోపు రాయిస్తే రుసుము లేదు. కాబట్టి ఆసుపత్రి కాగితం మీద తోచిన పేరు రాసి రావలసిన తొందర లేదు. అవ్వ పేరు తెలుసుకోవడానికి ఊరికి రాసి, జవాబు వచ్చేదాకా ఆగవచ్చు. మరొక మార్పు ఇంకా ముఖ్యమైనది. మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో తీసుకున్న నిర్ణయం ప్రకారం, ఆ ఏడాది మే 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారి పేరు ప్రభుత్వ పత్రాలలో బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుసలో ఉండాలి. నాసిక్ గుహలో కొడుకు పేరు ముందు తల్లిని నిలిపిన రాష్ట్రంలోనే, పందొమ్మిది వందల ఏళ్ళ తరువాత, తల్లి పేరు తిరిగి వరుసలోకి వచ్చింది. ఈనాడు మీరు పెట్టే ఆడపిల్ల పేరు రేపు ఆమె బిడ్డల పేర్లలో కూడ నిలుస్తుంది. లోగడ ఏ తరం ముంబై తెలుగు తల్లిదండ్రులకూ ఈ అవకాశం లేదు.

7. చేయవలసిన పని

శాసనాలలోని పేర్లు ఎక్కడికీ పోవు. నాయనిక మరో వెయ్యేళ్ళు వేచి ఉండగలదు. లచ్చవ్వ ఉండలేదు. ఆమె పేరున్నవి పాత రేషను కార్డులు, మిల్లులో పనిచేసిన వారి సర్వీసు కాగితాలు, అద్దె రసీదులు, పెళ్ళి శుభలేఖలు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత ఎన్నో కుటుంబాలు చాళ్ళు వదిలి భివండీకి, శివారులకు, సొంత ఊళ్ళకు తరలిపోయాయి. బి.డి.డి. చాళ్ళు ఒక్కొక్కటే కూలి వాటి చోట అంతస్తులు లేస్తున్నాయి. కామాఠీపురా పునర్నిర్మాణానికీ ప్రభుత్వం పథకం చేపట్టింది. మంచి ఇల్లు రావడం మంచిదే. కాని ఇల్లు ఖాళీ చేసే రోజున ముందుగా చెత్తలోకి పోయేవి పెట్టె అడుగున ఉన్న పాత కాగితాలు.

అందుచేత ఈ సంచిక చదివే ప్రతి విద్యార్థి చేయదగిన పని ఒకటి ఉన్నది. మీ ఇంటి ఆడవారి పేర్లు తల్లివైపు, తండ్రివైపు ఎంతవరకు దొరికితే అంతవరకు రాయండి. ఇంట్లో పిలిచిన పేరు, కాగితం మీది పేరు, పెళ్ళిలో మారిన పేరు విడివిడిగా రాయండి. ఏ ఊరినుంచి వచ్చారో, ఆ పేరు ఎందుకు పెట్టారో అడిగి పక్కన చేర్చండి. తెలుగు లిపి రానివారు వచ్చిన లిపిలోనే రాయండి, ఉచ్చారణ మాత్రం సరిగా వినండి. పేర్లు నాలుగు తరాల వెనక్కు వెళ్ళేసరికి, మరెవరికీ లేని పాతకాలపు పేరు మీ ఇంట్లోనే కనిపిస్తుంది. దానిని పిల్లకు ఉన్నదున్నట్టు పెట్టాలని నియమం లేదు. లచ్చవ్వ మనుమరాలు లచ్చి కావచ్చు, సిరి కావచ్చు, రాజవ్వ మునిమనుమరాలు రాజసిరి కావచ్చు. పిల్లకు ఏ పేరు పెట్టినా, ఆ పేరు ఎవరిదో చెప్పగలిగిన వారు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.